కలీపా తలగుడ్డ

నారిన్ ఊళ్లో బజారు వెనక సమాధిరాళ్ల మీద ముఖాలు చెక్కే మెదెర్‌బెక్‌కి పనితనం ఎంతుందో నోరూ అంతే ఉంది. చెక్కే యంత్రాన్ని నడిపే పాత కంప్యూటరు పాడైపోతే, యాభై ఏళ్ల వయసులో సీ భాష పుస్తకం ముందేసుకుని, ఫొటో ఫైలు చదివే ప్రోగ్రాము తానే రాసుకున్నాడు. ఆ ఫైల్లో అక్షరమన్నది ఉండదు, అన్నీ అంకెలే. చీకటికి సున్నా, తెలుపు పెరిగేకొద్దీ అంకె పెరిగి రెండువందల యాభై అయిదు దాకా పోతుంది. అంకె పెద్దదైతే సూది నల్లరాయిని గట్టిగా పొడుస్తుంది, పొడిచినచోట తెల్లబడుతుంది. గొప్ప పనే, కాదనను. అయితే మాత్రం రాజధాని బిష్కెక్ ఇంజనీర్లు తన ముందు బలాదూర్ అని టీకొట్లో చాటుకోవాలా?

అసనాలి పెద్దాయన భార్య కలీపా పోయి ఏడాది కావస్తోంది. ఏడాది విందుకి ముందు రాయి నిలబెట్టాలి. కొత్త ప్రోగ్రాముకి ఇదే మొదటి పని. ఆయన ఇచ్చిన ఫొటోలో ఆమె ముఖం నీడలో ఉంది, తెల్ల తలగుడ్డ మాత్రం ఎండకి మెరిసిపోతోంది. యంత్రం ముఖాన్ని ముచ్చటగా దించింది. తలగుడ్డ ఉన్నచోట సూది దిగనే లేదు. అక్కడ రాయి నల్లగానే మిగిలిపోయింది.

తప్పు తన ప్రోగ్రాముదేనని మెదెర్‌బెక్‌కి తెలుస్తూనే ఉంది. ఒప్పుకుంటే టీకొట్లో తలెత్తుకోలేడు. ఫొటోయే అలా ఉందిలే అని సర్దిచెప్పుకుని, రాయిని దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాడు.

దుప్పటి తీయగానే పెద్దాయన కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వైపు మొగుడు పోయినవాళ్లు కట్టే నల్లగుడ్డ, మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా! చూపు ఆనని తండ్రికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

"తలగుడ్డ తెల్లగా వచ్చిందా అబ్బాయ్?" అన్నాడు పెద్దాయన.

"తెల్లగానే వచ్చింది పెదనాన్నా" అన్నాడు మెదెర్‌బెక్.

పెద్దాయన కూర్చుని రాయిని తడిమాడు. చెంపలు గరుగ్గా తగిలాయి. వేళ్లు నుదురు దాటి ఆగిపోయాయి.

"ఇక్కడ నున్నగా ఉందేం?" అన్నాడు. మళ్లీ ఒకసారి తడిమి, "నేనింకా పోలేదురా" అన్నాడు.

మెదెర్‌బెక్‌కి తల కొట్టేసినట్టయింది. ప్రోగ్రాము తప్పిందనీ, అది తెలిసే తెచ్చాననీ కొడుకుల ముందే చెప్పాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్లి వెతికితే తప్పు దొరికింది. అంకెల్ని ఉంచినచోట నూట ఇరవై ఏడుకి మించి పట్టదు. మించిందల్లా సున్నాకన్నా కిందికి జారిపోతోంది. అందుకే బాగా తెల్లనివన్నీ నల్లబడ్డాయి. దిద్దడానికి ప్రోగ్రాములో ఒక్క మాట చేరిస్తే చాలు. రాతికి ఆ ఒక్క మాట సరిపోదుగా!

మర్నాడు చేతిసూది పట్టుకుని పెద్దాయన వాకిట్లోనే కూర్చున్నాడు. దారినపోయేవాళ్లంతా ఆగి చూస్తున్నారు, అందులో టీకొట్టువాళ్లూ ఉన్నారు. తలెత్తకుండా చుక్కచుక్కా పొడుస్తున్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన అతని చేతి వెనకే వేళ్లు పోనిస్తున్నాడు.

"ఇక్కడింకా నున్నగానే ఉంది" అన్నాడు.