పెద్దమ్మ నేర్పిన అట్లకాడల ఆట

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు పలాస స్టేషన్లో తెలిసింది. మా తమ్ముడు రైల్వే పనిమీద ఖరగ్‌పూర్ నుంచి వాల్తేరు పోతున్నాడు. మెయిలు ఆగే ఆ కొద్దిసేపట్లో వాణ్ణి చూసి, తిరిగి వెళ్ళేటప్పుడు పెద్దమ్మకి ఇమ్మని జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టాను. వాడు పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"పెద్దమ్మ పోనాదక్కా. శుక్రవారం. మట్టి కూడా ఇచ్చేసినాం. నీకు కార్డు రాసినాను, అందనేదా?"

అందలేదు. "బాధ పడిందేటిరా?" అన్నాను.

"బాధా? ఆఖరి రోజు కూడా తగువే. కొత్త నర్సు మేమ్‌సాబ్ అన్నాది. ‘ఎవుర్తే మేమ్‌సాబ్?’ అని లేసి కూసున్నాది. ఇంకెప్పుడూ అననని నర్సు సెప్పీదాకా పడుకోనేదు."

బండి కదిలింది. పొట్లం వాడి దగ్గరే ఉండిపోయింది. నేను ఇంటికొచ్చి పశువులకి కుడితి పెట్టి, వంట చేశాను. ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలని మర్నాటిగ్గాని తోచలేదు.

మా పెద్దమ్మ ఐర్లండు దేశపు మనిషి. పెద్ద యుద్ధానికి ముందు నర్సుగా ఖరగ్‌పూర్ వచ్చింది. వర్క్‌షాపులో లేతు మీద వేళ్ళు నలిగి ఆస్పత్రిలో పడ్డ మా పెదనాన్నకి కట్లు కట్టింది, తర్వాత ఆయన్నే పెళ్ళి చేసుకుంది. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కొన్నేళ్ళు మాటలు మానేశారు. పిల్లలు లేరు. పెదనాన్న పోయాక న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్లోనే, వెనక గదిలో ఉండేది. తెలుగు మా నాయనమ్మ దగ్గర నేర్చుకుంది కాబట్టి నాయనమ్మ మాటలే ఆమె మాటలు. తెల్లటి మనిషి నోట ‘ఏటి’ విని కొత్తవాళ్ళు నవ్వితే, "ఏటి నవ్వుతావు? నీ ఇంగిలీసు నాను ఇన్నాను, నవ్వినానా?" అనేది.

ఊళ్ళో అందరూ ఆమెను దొరసానమ్మ అనేవారు. మర్యాదకే. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. "దొరలు మీ నెత్తి మీద కూసున్నట్టే మా నెత్తి మీదా కూసున్నారు. మా నాయన్ని జైల్లో ఎట్టింది ఆళ్ళే. నాను దొరసాన్ని ఎలగయిపోతాను?" కూరగాయలమ్మే మనిషికి కూడా ఇదంతా విప్పి చెప్పేది. ఆ మనిషి గంప దించుకుని శ్రద్ధగా విని, "అలాగే దొరసానమ్మా, వంకాయలు ఎన్నిమ్మంటావు?" అనేది.

ఆమె చెల్లెలు అక్కడి దినపత్రికలు కట్ట కట్టి ఓడలో పంపేది. ఇక్కడికి చేరేసరికి రెండు మూడు నెలలు పట్టేది. పెద్దమ్మ వాటిని తేదీల వరసలో పేర్చుకుని, పొద్దున్న టీతో పాటు రోజుకొకటి చదివేది. అక్కడ ఎప్పుడో జరిగినది మా ఇంట్లో ఆ పొద్దున్నే జరిగేది. ముందుకి తిరగేసి చూడ్డానికి ఎవరికీ వీల్లేదు. నాన్న ఒకసారి అడుగునున్న పేపరు లాగబోతే చేతి మీద కొట్టింది. "రేపటిది రేపు సూద్దువు గాని మరిదీ. నీకేటంత తొందర?"

చదివి తెలుగులో చెప్పేది, మేం వినేవాళ్ళం. డెబ్భై రెండో సంవత్సరం పేపర్లు నాకు ఇప్పటికీ గుర్తు. యూరపు దేశాల కూటమిలో చేరాలా వద్దా అని అక్కడ ఓట్లు పెట్టారు, జనం చేరదామన్నారు. అది పెద్దమ్మకి ఇష్టమో కాదో తెలియలేదు. "అడిగినారు కదా, అది సాలు" అంది. రగ్బీ ఆడాల్సిన రెండు జట్లు గొడవలున్నాయని డబ్లిన్‌కి రామన్నాయి. "రాపోతే మానీ" అంది. వేసవిలో ఒక ఊళ్ళో జనం ఫిడేళ్ళు పట్టుకుని వీధుల్లోనే వాయించుకుంటూ గడిపారని చదివి, ఆ రోజంతా కూనిరాగం తీస్తూ అంట్లు తోమింది.

సెప్టెంబరులో జరిగిన వాళ్ళ పెద్ద ఆట డిసెంబరులో మా ఇంటికి వచ్చింది. ఆ ఆట పేరు హర్లింగ్, కర్రలతో బంతిని కొట్టి గోలు చేసే ఆట. ఆడింది ఆమె జిల్లా కిల్‌కెన్నీ, ఇంకో జిల్లా కార్క్. మొదటి సగం చదివి పేపరు మడిచి, అమ్మచేత టీ పెట్టించుకుని తాపీగా తాగింది. అక్కడ ఆటగాళ్ళు విశ్రాంతి తీసుకుంటున్నారు కాబట్టి మేం కూడా ఆగాలి. రెండో సగంలో కార్క్ బాగా ముందుకి పోయింది. అప్పటికి మా గుమ్మం ముందు వీధిలో సగంమంది ఉన్నారు. చివరికి కిల్‌కెన్నీ గెలిచింది. మూడు నెలల కిందట ముగిసిన ఆటకి మా వీధి చప్పట్లు కొట్టింది.

వీధికి ఆ ఆట తెలియడానికి కారణం మేము, ఆడపిల్లలం. అంతకు ముందు శీతాకాలం, బంగ్లాదేశ్ యుద్ధంలో దీపాలార్పుకుని కూర్చున్న సాయంత్రాల్లో, పెద్దమ్మ మాకు హర్లింగ్ గురించి చెప్పింది. చిన్నప్పుడు తానూ ఆడేదట. యుద్ధం అయిపోగానే మాకు నేర్పుతానని కర్రలు చేయించడానికి పూనుకుంది. రైలుపెట్టెలు బాగుచేసే కేరేజ్ షాపులో పనిచేసే వడ్రంగి తాత మా పక్క వీధిలో ఉండేవాడు. పెద్దమ్మ నేల మీద బొగ్గుతో బొమ్మ గీసి చూపించింది: పొడుగాటి పిడి, చివర వెడల్పుగా, పలచగా. తాత నాలుగు రోజుల్లో చేసి తెచ్చాడు. పిడి చివర చక్కగా గుండ్రటి కన్నం ఉంది.

"ఈ కన్నమేటి తాతా?" అన్నాను.

"మరి మేకుకి తగిలించుకోడానికి? అట్లకాడకి కన్నం నేపోతే ఎలగమ్మా?"

ఇంత పెద్ద అట్లకాడ ఎందుకని ఆయన అడగలేదు. తెల్లవాళ్ళ అట్లు పెద్దవేమో అనుకున్నాడట. పెద్దమ్మ నవ్వీ నవ్వీ గట్టు మీద కూలబడింది. తర్వాత మిగిలిన కర్రలన్నిటికీ కన్నం పెట్టించింది. అలా దాని పేరు అట్లకాడల ఆట అయింది. బంతి గోల్‌బజారులో చెప్పులు కుట్టేవాడు కుట్టి ఇచ్చాడు.

పది పన్నెండుమందిమి వీధి కుళాయి పక్కనున్న జాగాలో ఆడేవాళ్ళం. అరుగుల మీద కూర్చున్నవాళ్ళకి మా ఆటే కాలక్షేపం. "వొంటింట్లో తిప్పమంటే ఈదిలో తిప్పుతున్నారు" అని ఒకరు, "ఈళ్ళని సేసుకున్నోడికి రోజూ వీపు మీద అట్టే" అని ఒకరు. బంతి తగిలి ఒకరి కుండ పగిలింది. వంక దొరికింది. ఇంకో నెలలో ఇద్దరు పిల్లల్ని వాళ్ళ ఇళ్ళలో మాన్పించేశారు. ఎదిగిన పిల్లలు నలుగురి కళ్ళ ముందు గెంతడం ఏమిటన్నారు. నాకు పద్నాలుగో ఏడు. అమ్మ కూడా చెప్పేసింది: "ఈ ఏసవి దాటితే నీకూ ఆట నేదు." వీధిలో ఇంక సాగదని అందరికీ అర్థమైంది. రైల్వే మైదానం దొరికితే ఆట ఉంటుంది, లేకపోతే పోతుంది.

పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని మైదానం సెక్రటరీ గారింటికి వెళ్ళింది. ఆయన మా తెలుగువాడే, వర్క్‌షాపులో పెద్ద ఉద్యోగం. కుర్చీ వేయించారు, టీ ఇప్పించారు.

"దొరసానమ్మగారూ, ఆడపిల్లలికి కావాలంటే బాడ్మింటను నెట్టు కట్టిస్తాను. ఈ కర్రలాట వద్దండి. రాణీగారి దేశం నుంచి వచ్చినోరు, మర్యాద మీకు నాను సెప్పాలా?"

"ఏ రాణీ?"

"అదే, మీ రాణీగారు."

"ఆవిడ నాకెంత సుట్టమో నీకూ అంతే సుట్టం బావూ. వారానికి ఒక్క సాయంత్రం మైదానం ఇస్తావా, ఇవ్వవా?"

"కుదర్దండి. అది ఫుట్‌బాల్ కుర్రాళ్ళది."

"ఏడు రోజులూనా?"

"ఏడు రోజులూ."

పెద్దమ్మ టీ ముట్టకుండా లేచింది.

డెబ్భై రెండు జనవరి ఆఖరి ఆదివారం, ఇంకా బ్రిటన్ కిందే ఉన్న ఉత్తర ఐర్లండులో, డెర్రీ పట్టణంలో హక్కుల కోసం ఊరేగింపుగా వెళ్ళిన జనం మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ వార్త కలకత్తా పేపర్లో వెంటనే వచ్చింది. నాన్న చదివి చెప్పాడు. పెద్దమ్మ విని తన గదిలోకి వెళ్ళిపోయింది. చెల్లెలు పంపిన కట్ట మార్చి చివర్లో వచ్చింది. అందులో ఆ రోజు ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె అప్పుడు కూడా వరస తప్పలేదు. పశువుల సంత ధరలు, ఒక చర్చి హాల్లో వేసిన నాటకం, మంచు పడి ఆగిపోయిన ఆట, ఒక్కొక్క పొద్దునే చదువుకుంటూ వచ్చింది. మేం అటు చూడకుండా టీ తాగేవాళ్ళం.

ఆ పేపరు వంతు వచ్చిన పొద్దున్న అమ్మ, "అక్కా, ఇది వద్దులే" అంది. పెద్దమ్మ చదివింది. చనిపోయినవాళ్ళ పేర్లు చదివింది, పేరు పక్కనే వయసు. పదిహేడు. పదిహేడు. మళ్ళీ పదిహేడు. అంతా అయ్యాక పేపరు మడిచి మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"ఆళ్ళు నడవడానికి ఎల్లినారు. సేతుల్లో ఏటీ నేదు" అంది. నావైపు చూసింది. "పిల్లలందరికీ సెప్పిరా. సాయంత్రం మైదానానికి ఎల్తన్నాం."

"సెక్రటరీ గారు వద్దన్నారు కదా" అన్నాను.

"ఇన్నాను. అది ఏరు, ఇది ఏరు, నాకు తెల్దా? గాని ఎవుడో ఎల్లిపోమంటే ఎల్లిపోడం ఈ రోజు నావల్ల కాదే."

సాయంత్రం కర్రలు భుజాన వేసుకుని పెద్ద వీధి వెంట నడిచాం. మాన్పించేసిన ఇద్దరూ కూడా చెప్పకుండా వచ్చేశారు. టీ కొట్టు దగ్గర బెంచీ మీదున్న బెంగాలీ ముసలాయన, "కార్ బాడీతే రాన్నా, దీదీ?" అని అరిచాడు. ఎవరింట్లో వంట అని.

"తోమాదేర్ మాఠే!" అంది పెద్దమ్మ. మీ మైదానంలోనే అని. బెంచీ మొత్తం నవ్వింది, ముసలాయన కూడా.

మైదానంలో కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. పెద్దమ్మ నేరుగా వెళ్ళి మధ్యగీత మీద, సున్నం గౌనుకి అంటుతున్నా చూసుకోకుండా కూర్చుంది. మేం ఆమెకు అటూ ఇటూ కూర్చున్నాం. కర్రలు ఒళ్ళో పెట్టుకోమంది, ఎత్తొద్దంది. ఆట ఆగిపోయింది. కుర్రాళ్ళు బంతి పట్టుకుని నిలబడ్డారు. సెక్రటరీ గారు సైకిలు మీద వచ్చారు. లెమ్మన్నారు. బతిమాలారు. గదిమారు. పెద్దమ్మ ప్రతిదానికీ, "ఒక్క రోజు ఇయ్యి, లేస్తాం" అంది. చివరికి మనిషిని పంపి మా ఇళ్ళవాళ్ళని పిలిపించారు.

నాన్న వచ్చి గీత అవతల నిలబడిపోయాడు. వెనకే అమ్మ. అమ్మ అంతవరకూ ఆ మైదానంలో కాలు పెట్టలేదు. వంట మధ్యలో వచ్చినట్టుంది, చేతికి పసుపుంది. వీపు మీద దెబ్బకి సిద్ధపడి నేను తల దించుకున్నాను.

"జరుగు" అంది అమ్మ.

నేను జరిగాను. అమ్మ నాకూ పెద్దమ్మకీ మధ్య కూర్చుంది.

"ఏటమ్మా, నువ్వు కూడానా?" అన్నారు సెక్రటరీ గారు.

"మా అక్క నేల మీద కూసుంటే నాను నిలబడతానా బావూ?"

పిల్లల్ని తీసుకుపోదామని వచ్చిన మిగతా తల్లులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఒక్కొక్కరే కూర్చోవడం మొదలుపెట్టారు. అప్పుడు ఫుట్‌బాల్ జట్టు నాయకుడు, సుభాష్‌పల్లి బెంగాలీ కుర్రాడు, "స్యార్, ఏక్‌టా దిన్ దిన్ నా ఓదేర్" అన్నాడు. వాళ్ళకి ఒక రోజు ఇచ్చేయండి సార్ అని.

సెక్రటరీ గారు సైకిలు తిప్పుకున్నారు. "బుధవారం. ఒక్క బుధవారం."

"ఈ రోజు సంగతేటి?" అంది పెద్దమ్మ. ఆయన వెనక్కి తిరగలేదు. "వద్దననేదు, ఇన్నారా?" అంది మాతో.

తర్వాత రెండేళ్ళు బుధవారం సాయంత్రాలు మావే. ఆపైన పెళ్ళిళ్ళు, బదిలీలు వచ్చాయి. ఇప్పుడక్కడ ఆ ఆట ఎవరూ ఆడరు. దాన్నేమీ నేను గొప్ప చేసి చెప్పను. కాని నా పెళ్ళయ్యాక ఈ పల్లెలో బోరు దగ్గర మా వంతులో తామే ముందు నీళ్ళు పట్టుకుంటామని కొందరు గొడవకు వచ్చినప్పుడు, నేను బిందె కింద పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. ఎవరు నేర్పారో నాకు తెలుసు.

ఆ మొదటి సాయంత్రం వెలుగు ఇంకా కొంచెం మిగిలి ఉంది. పెద్దమ్మ సున్నం దులుపుకుని లేచి, నా కర్ర తీసి అమ్మకిచ్చింది. "తొలిదెబ్బ నువ్వు కొట్టు" అంది. అమ్మ ముందు వద్దంది. తర్వాత కొంగు నడుముకి బిగించింది. మొదటిసారి కర్ర గాలిలో తిరిగి దుమ్ము లేచింది. ఎవరూ నవ్వలేదు. రెండోసారి తగిలింది. బంతి నేల మీద దొర్లుకుంటూ గోలు దాకా పోయింది. అక్కడ కంబానికి ఆనుకుని చేతులు కట్టుకు నిలబడ్డ ఫుట్‌బాల్ కుర్రాడు కాలు అడ్డం పెట్టబోయి, అమ్మవైపు చూసి, తీసేశాడు.