బంకర్లో ఒంటరి కంప్యూటర్

కొండ మీది ఆర్మీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. కింద హెడ్‌క్వార్టర్స్ నుంచి రెండు రోజుల నడక. భుజాన సంచి, రైఫిలు. మోకాళ్లదాకా మంచు. నాది అనకాపల్లి. డిసెంబరులో తెల్లవారుజామున చర్చికి వెళ్తూ మఫ్లరు చుట్టుకోవడమే మాకు తెలిసిన చలి.

బంకర్లో నాకు ఒక కంప్యూటర్ అప్పగించారు. కరెంటు తీగ తప్ప దానికి వేరే తీగ లేదు. కింద నేను శిక్షణ తీసుకున్న గదిలో కంప్యూటర్లన్నీ కేబుళ్లతో ఒకదానికొకటి కలిసి ఉండేవి. ఒకదాంట్లో టైపు చేస్తే, పక్క గదిలో ఆఫీసరు తన బల్ల దగ్గరే చదువుకునేవాడు. పైన మాది ఒంటి మిషను. శత్రువు ఏ దారినా చొరబడకూడదని కావాలనే అలా ఉంచారు. మంచి జాగ్రత్తే. కానీ మనవాళ్ల కబురుకీ దారి లేదు. ఏది రావాలన్నా ఫ్లాపీ డిస్కులో, మనిషి కాళ్ల మీద రావాలి.

సెలవులూ అంతే. ఎవరు దిగుతున్నారో రేడియోలో చెప్పకూడదు, శత్రువు వింటాడు. ఆర్డరు ఫ్లాపీలో వచ్చేది. నేను ప్రింటు తీసి, కమాండరు సంతకం పెడితే, రేషన్ మోసుకొచ్చిన పార్టీ వెంట మనిషి దిగేవాడు.

మా రేడియో ఆపరేటరుదీ మా వైపే, మాడుగుల. మొదటి పూటే వరస కలిపి బావా అనేశాడు, నాకూ అతను బావే అయ్యాడు. ఇంటినుంచి తెచ్చుకున్న హల్వా గడ్డకట్టి రాయైపోతే, బాయ్‌నెట్‌తో కోసి పెట్టాడు. అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు. సెలవుకు అర్జీ పెట్టి, వచ్చిన ప్రతి పార్టీకీ ఎదురెళ్లేవాడు.

ఆ రోజు పార్టీ వచ్చేసరికి నేను బయట జనరేటరులో నూనె పోస్తున్నాను. కవరు బావే అందుకున్నాడు. లోపల ఫ్లాపీ తడిసి ఉంది. తడిది మిషనులో పెట్టకూడదని అందరికీ తెలుసు. మేం సాక్సులు, గ్లవుజులు, ఉత్తరాలు, ఏది తడిసినా బుఖారీ మీదే ఆరబెట్టేవాళ్లం. బుఖారీ అంటే బంకరు మధ్యలో ఉండే కిరోసిన్ పొయ్యి. బావ కూడా అదే చేశాడు.

నేను లోపలికి వచ్చేసరికి ఫ్లాపీ అప్పడంలా వంగిపోయింది. మిషనులో దూరనే లేదు.

“ఏటి బావా, సదవట్నేదా?” అన్నాడు.

ఇక చదవదని చెప్పాను.

“నా పేరుందో నేదో, అదొక్కటి సూడు.”

ఏం చూడను? కమాండరు రేడియోలో కిందికి అడిగించాడు. పేర్లు రేడియోలో చెప్పం, ఇంకో ఫ్లాపీ పంపుతాం అన్నారు. హెడ్‌సెట్ పెట్టుకుని ఆ జవాబు విన్నదీ బావే, కమాండరుకు చెప్పిందీ బావే. ఆ ఆర్డరు కింద గదిలో ఏ తెర మీద చూసినా ఉండే ఉంటుంది. కాగితం లేనిదే దింపలేనన్నాడు కమాండరు. చెడ్డవాడేం కాదు. మర్నాడు పొద్దున పార్టీ దిగిపోయింది. మధ్యాహ్నానికి తుఫాను పట్టి దారి మూసుకుపోయింది.

దారి తెరుచుకున్నాక వచ్చిన ఫ్లాపీలో మొదటి పేరు బావదే. సెలవు తేదీలు ఎప్పుడో దాటిపోయాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా పూజారి ఆ మిషను. అదే సంచిలో బావకు ఇంటి నుంచి ఉత్తరం కూడా వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. వారం బతికింది. ఫోటో తీయించలేదు.

బావ ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు.

“ఎవుల్లాగుందో రాయనేదు బావా,” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బావ ఏడవలేదు. హెడ్‌సెట్ పెట్టుకుని డ్యూటీలో కూర్చున్నాడు.

నా టర్ము అయ్యాక నేనూ దిగాను. కొన్నాళ్లకు సర్వీసూ అయిపోయింది. ఇప్పుడు అనకాపల్లిలో ఒక కంప్యూటర్ సెంటరుకు కాపలా ఉంటున్నాను. ఒళ్లు అలిసిపోయింది, మాట్లాడే ఓపికా తగ్గింది. లోపల పిల్లలు పరీక్షకు బట్టీ పడుతుంటారు. విడిగా ఉండే కంప్యూటరుకు భద్రత ఎక్కువ, కానీ సమాచారం పంచుకోలేదు. నెట్‌వర్కులో ఉన్నది పంచుకోగలదు. సరిగ్గానే చెబుతారు. మార్కులు కూడా వస్తాయి.

అది విన్నప్పుడల్లా నాకు బావే కనిపిస్తాడు. బుఖారీ ముందు గొంతుక్కూర్చుని, వంగిన ఫ్లాపీని రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కుతూ, వంపు తీస్తూ ఉంటాడు.