సముద్రం వెనక్కి తెచ్చిన బతుకమ్మ

మా మేనత్త ఇక లేదు. శ్రావణంలో ఒక పొద్దున ఆత్మకూరు నుంచి బావ ఫోన్ చేశాడు. నేను షాద్‌నగర్‌లో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. "అమ్మ పోయిందే. చాయ్ తాగింది, జర ఒరుగుత అన్నది, మళ్ల లేవలే" అన్నాడు. దవాఖానకు తీసుకుపోయే పని కూడా ఎవరికీ పెట్టలేదు. ఇంకొకరి చేత సేవలు చేయించుకోవడం ఆమెకు మొదటి నుంచీ గిట్టదు. బస్సు వచ్చింది. ఎక్కలేదు. రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆమె మా నాయినకు అక్క. నా పెళ్లికి నాయిన కంటే ఎక్కువ తిరిగింది, నా కొలువుకు నాకంటే ఎక్కువ మందిని అడిగింది. "అడిగితే ఏం పోతది?" అనేది ఆమె మాట. ఎక్స్‌ప్రెస్ బస్సును కూడా అడిగి తన వీధి మొగదల ఆపించుకునేది. కండక్టర్ గొణిగితే, "నువ్వు ఆపినవ్, నేను దిగిన, ఇగ లొల్లి ఏముంది బిడ్డా" అని నవ్వుతూ దిగిపోయేది. విందులో నేను బిడియపడుతూ కూర్చుంటే, "ముందు తిను. సిగ్గు తర్వాత పడొచ్చు" అని ఇంకో గరిటె వడ్డించేది. ఫోన్‌లో ఆమె గొంతుకు అసలు ఫోన్ అక్కర్లేదని మా ఇంట్లో అందరం ఎగతాళి చేసేవాళ్లం.

అటువంటి మనిషిని ఒక ఏడాది నోరు మెదపకుండా కూర్చోబెట్టింది బతుకమ్మ పండుగ.

వాళ్ల వాడకట్టులో బతుకమ్మ ఆట అంటే మా అత్తే. పూలు పేర్చడంలో ఆమె చెయ్యి వేరు. గునుగు కాడలు ఒక్క తీరుగా కోసి, రంగులు అద్ది, తంగేడు మధ్యలో బంతి వరుస తిప్పి, గుడి గోపురంలా నిలబెట్టేది. పాట మొదటి పదం ఆమె ఎత్తాలి, మిగతా ఆడవాళ్లు అందుకోవాలి. మామ పోయిన ఏడు ఆ ఇంటికి మైల కాబట్టి ఆడలేదు. అది అందరికీ ఉండే పద్ధతే. రెండో ఏడు పండుగ దగ్గరికొచ్చింది. ఎవరూ ఆమెను వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. మొగుడు లేని ఆడది బతుకమ్మ ఎత్తదని ఆ వాడకట్టులో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చప్పట్లు మాత్రం ఆమె గడప ముందు ఆగకుండా ముందుకు పోతాయి.

ఎంగిలిపూల నాడు, పండుగ మొదటి రోజు రాత్రి, నాకు ఫోన్ చేసింది. గొంతు చిన్నగా ఉంది, అందుకే నాకు భయమేసింది.

"బిడ్డా, నీకు దసరాకు సెలవులున్నయి గదా. నన్ను యాడికన్న తీస్కపో. ఇంట్ల కూసోని ఆ చప్పట్లు వినుడు నాతోని గాదు."

"యాడికి పోదాం అత్తా?"

"ఆ పాటలు వినపడనంత దూరం."

అంత దూరం అంటే నాకు అండమాన్ తోచింది. మా ఆఫీసులో ఒకరు వెళ్లొచ్చి ఫొటోలు చూపించి ఉన్నారు. విమానం అనగానే బావ గుబులు పడ్డాడు, అమ్మకు మోకాళ్ల నొప్పులు, సముద్రం, పడవలు అని. అత్త ఒకటే మాట చెప్పింది. "భయపడేదేదో ఆడికి పోయినంక భయపడుదాం."

పోచంపల్లి చీర కట్టుకుని, సకినాల డబ్బా పట్టుకుని, సంచిలో ఆత్మకూరు నుంచి తెచ్చిన కొబ్బరికాయతో శంషాబాద్‌లో దిగింది. గంగమ్మకు కొట్టాలట. "ఆడ దొరుకుతయో లేవో" అంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఆటో ఎక్కి రెండు మలుపులు తిరిగేసరికి, ఎటు చూసినా కొబ్బరిచెట్లే. అత్త కాసేపు వాటిని చూసి, తన సంచి చూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పండుగలో ఆమె మొదటిసారి నవ్వడం అప్పుడే. ఇంటికి వెళ్లాక ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఆమే అందరికీ చెప్పింది.

మరుసటి రోజు సెల్యులార్ జైలుకు వెళ్లాం. ఏడు రెక్కలుగా కట్టిన జైలు, ఇప్పుడు మూడే మిగిలాయి. అక్కడ గానుగ ముందు అత్త చాలాసేపు నిలబడింది. "మన దగ్గర ఎడ్లు తిప్పేటిదాన్ని మనుషులతోని తిప్పిచ్చిన్రా" అని నన్ను పదే పదే అడిగింది, నేనేదో తప్పు చదివి చెబుతున్నట్టు. ఒక రెక్కలోని గదుల ముఖం ఇంకో రెక్క వీపు వైపు ఉండేలా కట్టారని గైడు చెప్పాడు. ఖైదీలు ఒకరి మొఖం ఒకరు చూసుకోకుండా ఉండడానికట. అత్త ఒక గది లోపలికి వెళ్లి నిలబడింది. పైన చిన్న కిటికీ, ఎదురుగా కటకటాలు. బయటికి వచ్చాక మెట్లు దిగుతూ నాతో అంది, "వాళ్లను తాళమేసి పెట్టిన్రు. నా ఇంటికి తాళం గూడ లేదు, సూడు." ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ తర్వాత రోజులన్నీ పడవలే. ఒక రోజు వాన పడి పడవలు ఆపేస్తే, రేవులో కూర్చుని టికెట్లమ్మే అతని దాకా వెళ్లి, "ఎప్పుడు ఆగుతది నాయనా ఈ వాన?" అని అడిగింది. అడిగితే ఏం పోతుంది మరి. వాన తెరిపిచ్చాక మొదటి పడవలో మేమే. ఎక్కే ముందు ఆత్మకూరు కొబ్బరికాయ రేవు గట్టు మీద కొట్టింది, పడవ వాళ్లందరికీ తలా ఒక ముక్క పంచింది.

రాస్ ద్వీపానికి ఇప్పుడు వేరే పేరు పెట్టారు, పడవ వాళ్లు మాత్రం రాస్ అనే అంటారు. ఒకప్పటి దొరల బంగళాలన్నీ కూలిపోయి, గోడల మీదుగా చెట్ల వేర్లు పాకి ఉన్నాయి. జింకలు మనుషుల దగ్గరికి భయం లేకుండా వస్తాయి. అత్త సకినం విరిచి ఒక జింకకు పెడితే అది వాసన చూసి మొఖం తిప్పుకుంది. "నీకేం తెలుసు దీని కమ్మదనం" అని ఆ ముక్క తనే తిన్నది. నార్త్ బేలో అద్దం అడుగున్న పడవలో పగడాలు చూస్తూ, ముక్కు అద్దానికి ఆనించి కూర్చుంది. పక్క వాళ్లు జరగమంటే కూడా లేవలేదు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ ఆ తీరానిదేనని ఎవరో చెబితే, తన సంచిలోంచి అటువంటి నోటు వెతికి తీసి, సముద్రానికి ఎదురుగా పట్టుకుని సరి చూసుకుంది. "మంచిగనే దించిన్రు" అని మెచ్చుకుంది. ఆమె మళ్లీ ఆమె అయిందని నేను అనుకున్నాను.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ, వచ్చింది. ఆ పొద్దున అత్త మంచం దిగలేదు. సముద్రం చూడ్డానికి పోదామంటే, "నువ్వు పో" అంది. ఎంత దూరం వచ్చినా ఆ రోజు తారీఖు మాతోనే వచ్చింది.

మేం తినే మెస్సు లాడ్జి పక్కనే ఉంది. దాన్ని నడిపే ఆవిడ తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. మధ్యాహ్నం ఎలాగోలా అత్తను అన్నానికి తీసుకెళ్లాను. తిన్నాక ఊరికే కూర్చోలేక, ఆవిడ ముందున్న గోంగూర కట్ట లాక్కుని ఆకు తుంచడం మొదలుపెట్టింది. తనకు తెలియకుండానే లోలోపల పాట తీస్తోంది. ఆవిడ వింది.

"ఏటమ్మా అది, పూల పండగ పాటా? మీరు పూలెలాగ పేరుస్తారో ఓపాలి సూపించరా?"

అత్త చెయ్యి ఆగిపోయింది. "మా ఆయన లేడమ్మా. నేను ఎత్తొద్దు" అంది.

ఆవిడ నవ్వలేదు, జాలి కూడా పడలేదు. కూర కలుపుతూనే అంది, "మా ఆయనా నేడమ్మా. పొయ్యి ఎలిగించినప్పుడు అదేటి, నీకు మొగుడున్నాడా అనడుగుతాదా?"

అత్త ఆవిడ మొఖం కేసి చూసింది. తర్వాత పొయ్యి కేసి చూసింది. ఆకు పక్కన పెట్టి లేచింది. "ఒక పెద్ద పళ్లెం ఇయ్యి" అంది.

ఆ రెండేళ్లలో ఆమెను బతుకమ్మ పేర్చమని ఒక మనిషి అడగడం అదే మొదలు. ఆ మనిషికి మేమెవరమో కూడా సరిగా తెలియదు.

బజారులో బంతిపూలు దొరికాయి. మెస్సు పెరట్లో మందారాలు, నూరువరహాలు, దేవగన్నేరు ఉన్నాయి. తంగేడు లేదు, గునుగు లేదు. "తంగేడు లేకుంటే ఇది నన్ను గుర్తువడ్తదా" అని అత్త గొణుగుతూనే పేర్చింది. పైన పసుపు గౌరమ్మను నిలిపింది. మెస్సులో పనిచేసే బెంగాలీ పిల్ల, తమిళ పిల్ల కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. మాట ఒకరిది ఒకరికి రాదు, చప్పట్లు మాత్రం వచ్చేశాయి. అత్త గొంతు మొదటి పదం దగ్గర వణికింది, రెండో పదానికి నిలబడింది. నేను అందుకున్నాను. నా కళ్లు మసకబారాయి, పాట మాత్రం ఆపలేదు.

పొద్దు వాలుతుంటే అందరం కలిసి కార్బిన్స్ కోవ్ తీరానికి వెళ్లాం. మా దగ్గర చెరువులోనైనా కృష్ణలోనైనా మోకాలి లోతు దాకా దిగి, బతుకమ్మను నీళ్ల మీద ఉంచి, చేత్తో నాలుగుసార్లు నీళ్లు తోస్తే చాలు, అది సాగిపోతుంది. అత్త అలాగే చేసింది. అరిటాకు మీద బతుకమ్మను నిలిపి, దండం పెట్టి, పోయిరమ్మని చెప్పి నీళ్లు తోసింది. రెండు బారలు వెళ్లింది. అంతలో అల వచ్చి దాన్ని తెచ్చి ఆమె కాళ్ల దగ్గరే పడేసింది. మళ్లీ తోసింది. మళ్లీ తెచ్చింది. చెరువు నీళ్లకు అలవాటైన మాకు సముద్రం సంగతి తెలియదు. చీరలు నడుము దాకా తడిసిపోయాయి, పిల్లలిద్దరూ కిసకిస నవ్వుతున్నారు.

"అల ఎనక్కెళ్లినప్పుడొదలాలమ్మా, ఎదురొచ్చినప్పుడు కాదు" అని మెస్సు ఆవిడ ఒడ్డు నుంచి చెప్పింది. నేను బతుకమ్మను అందుకోబోయాను. అత్త నా చెయ్యి పట్టి ఆపింది.

"ఆగు. రానీ."

వరుసలు విడిపోయాయి. బంతిపూలు, మందారాలు ఆమె పాదాల చుట్టూ తిరుగుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ నిలబడి, "పంపినా పోతలేదు సూడు" అంది. కాసేపటికి మళ్లీ అంది, "నన్ను ఎవలు ఒద్దన్నరే? ఎవలూ అనలే. పిలుస్తరని సూసుకుంట నేనే లోపల కూసున్న." వంగి, తడిసిన బంతిపువ్వు ఒకటి తీసి కొప్పులో పెట్టుకుంది. మామ పోయాక ఆమె తలలో పువ్వు చూడడం నాకు అదే మొదటిసారి. నేను అక్కడే నీళ్లలో నిలబడి ఆమెను కావలించుకున్నాను. "సాలు తియ్యి, మీద పడకు, పడిపోత" అని కసిరింది.

మరుసటి ఏడు నేను ఆత్మకూరు వెళ్లాను. కావాలనే వెళ్లాను. పొద్దు వాలగానే అత్త తన బతుకమ్మ ఎత్తుకుని గడప దాటింది. ఎవరూ పిలవలేదు. ఈసారి ఆమె ఎదురుచూడనూ లేదు. వాడకట్టు మధ్యలో ఆడవాళ్లు ఒక్క క్షణం పాట ఆపారు.

"ఏం వదినా, నువ్వు గూడనా?" అంది ఒకామె.

"నేను గూడనే. అంత పెద్ద సముద్రమే ఒద్దనలే" అని బతుకమ్మను నడుమ దించింది.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఒక చిన్నామె ఉండేది. ఆమె మొగుడు లారీ కింద పడి పోయాడు. గడప లోపల నిలబడి చూస్తోంది. అత్త అటు తిరిగి, "నువ్వేం సూస్తున్నవ్ ఆడ? పూలు లేకుంటే నా పళ్లెంల నుంచి తీస్కో, దా" అంది. పిలవడం ఎంత పనో తెలిసిన మనిషి కాబట్టి, ఆమె పిలిచింది. ఆ చిన్నామె చెప్పులు విడిచి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అనాలనుకున్న వాళ్లు ఉండే ఉంటారు, కానీ అప్పటికే అత్త పాట ఎత్తేసింది, అందుకోక తప్పలేదు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ వాడకట్టులో అందరూ ఆడారు. ప్రతి ఏడూ అత్త సముద్రం కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అల కొంచెం పెద్దదయ్యేది.

అస్థికలు కలపడానికి కృష్ణకు వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. బట్టలు కుట్టే ఆమె కూడా, ఎవరూ పిలవకుండానే ఆటోలో వచ్చి, మా వెనకే నీళ్లలోకి దిగింది. వానకాలం, ఆనకట్ట వెనక నది నిండుగా, కదలకుండా ఉంది. బావ కుండ వంచాడు. మేమందరం దోసిళ్లతో బంతిపూలు వదిలాం. అవతలి ఒడ్డు నుంచి గాలి వీస్తోంది. కొంచెం దూరం వెళ్లిన పూలన్నీ ఒక్కొక్కటే మళ్లి మా వైపే రావడం మొదలుపెట్టాయి. బావకు ప్రాణం ఒప్పలేదు. పోవాల్సినవి తిరిగి రాకూడదని ఆయన పట్టింపు. వంగి రెండు చేతులతో నీళ్లు తోయబోయాడు.

నేను నోరు తెరవకముందే వెనక నుంచి ఆ చిన్నామె మెల్లగా అంది.

"ఆగు అన్నా. రానీ."

బావ చేతులు దించాడు. పూలు వచ్చి మా కాళ్లకు తగిలాయి, చాలాసేపు అక్కడక్కడే తిరిగాయి. మేమెవరమూ కదల్లేదు.