మా నాన్న వాదించిన రంగూన్ పెళ్లి

మా నాన్న సత్యవేదం గారు ఏలూరులో ముప్ఫై ఏళ్లు ప్లీడరుగా పనిచేశారు. పేరు మోసిన ప్లీడరేమీ కాదు. చేలగట్ల తగాదాలు, వీలునామాలు, అప్పుడప్పుడొక కొట్లాట కేసు, అంతే. కానీ మద్రాసు లా కాలేజీ మాట ఎత్తితే చాలు, ఆయన గొంతే మారిపోయేది.

తాతగారు కొల్లేటి ఒడ్డున ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. కొడుకు జడ్జీ కావాలని 1934లో మద్రాసు పంపారు. కాలేజీ హార్బరుకి దగ్గర. పై అంతస్తు కిటికీలోంచి ఓడలు కనబడేవట. ఆ కిటికీ పక్క బెంచీ కోసం నాన్న రోజూ అందరికంటే ముందు వెళ్లేవారు. ఒప్పందాల చట్టం, సాక్ష్య చట్టం అందరూ శ్రద్ధగా చదివేవారు, రేపు అన్నం పెట్టేవి అవే గనక. అంతర్జాతీయ న్యాయం మాత్రం పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసేవారు. నాన్నకి అదే ప్రాణమైంది.

సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు నాయనమ్మ చేపలు తోముతూ అడిగింది.

"ఏం చదువుతున్నావు నాయనా?"

"అంతర్జాతీయ న్యాయమమ్మా. అందులో రెండు రకాలు. రాజ్యానికీ రాజ్యానికీ మధ్య ఉండాల్సిన ధర్మం ఒకటి. మనుషులు ఒక దేశంలో పెళ్లాడి ఇంకో దేశంలో కాపురం పెడితే, వాళ్లకి ఎవరి చట్టం వర్తిస్తుందో చూసేది రెండోది."

"రెండోది బాగానే ఉంది. రాజ్యం మాట వినకపోతే దాన్ని ఎవరు కొడతారు?"

1935 అక్టోబరులో ఇటలీ అబిసీనియా మీద, అంటే ఇప్పటి ఇథియోపియా మీద పడింది. బైబిల్లో చెప్పిన దేశం కదా, తాతగారు కలతపడి ఉత్తరం రాశారు. "మీ చట్టం ఏమంటోంది?" అని ఒకటే మాట. నాన్న ఆ ఉత్తరం పట్టుకెళ్లి లెక్చరరుగారికి చదివి వినిపించారు. ఆయన, "దొంగతనం జరిగినంత మాత్రాన అది నేరం కాకుండా పోతుందా? మీ నాన్నగారికి ఆ మాట రాయండి" అన్నారు. ఆ సాయంత్రం హాస్టలు మిత్రులంతా సముద్రం ఒడ్డున కూర్చుని, గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకున్నారు. "ప్రపంచమంతా మేమే నడపాలన్నట్టు మాట్లాడుకున్నామమ్మా. అలాంటి సాయంత్రం మళ్లీ రాలేదు" అనేవారు నాన్న నాతో.

1936లో ఏలూరు వచ్చి శేషగిరిరావు గారి దగ్గర జూనియరుగా చేరారు. పెద్దాయన మంచివాడే కానీ ఆటపట్టించడం సరదా. "ఏవండీ సత్యవేదం గారూ, మన కేసులు కొల్లేరు దాటవండీ. ఆ చదువు ఎక్కడ వాడతారు?" అనేవారు.

1938 వేసవిలో రత్నమాణిక్యం అనే ఆవిడ రెండేళ్ల పిల్లని చంకనేసుకుని ఆఫీసు మెట్లెక్కింది. రంగూన్‌లో ఓడరేవు కూలీల ఇంట పుట్టిన తెలుగమ్మాయి. కొల్లేటి లంక నుంచి వెళ్లి అక్కడి బియ్యం మిల్లులో పనిచేసే పాపారావుతో, 1934లో అక్కడి తెలుగు చర్చిలోనే పెళ్లయింది. జ్వరమొచ్చి అతను పోయాడు. ఆవిడ ఓడెక్కి కాకినాడలో దిగి, అడుక్కుంటూ అడుక్కుంటూ అత్తవారి ఊరు చేరింది. బావగారు యోబు గడప తొక్కనివ్వలేదు. తమ్ముడికి అసలు పెళ్లే కాలేదు, అతని వాటా పొలం తనదేనన్నాడు.

శేషగిరిరావు గారు అంతా విని, నాన్న వైపు తిరిగారు. "ఇది మీదేనండీ" అన్నారు. ఈసారి నవ్వలేదు. ఏలూరులో దొరకని పుస్తకం కోసం మద్రాసులో స్నేహితుడికి తానే ఉత్తరం రాసి తెప్పించారు.

కోర్టులో యోబు తన తల్లి మార్తమ్మని సాక్షిగా తెచ్చాడు. బోనులో బైబిలు మీద చెయ్యి పెట్టి ఆవిడ ప్రమాణం చేసింది. నాన్న లేచి మెల్లగా అడిగారు.

"మీ చిన్నబ్బాయి రంగూన్ నుంచి ఉత్తరాలు రాసేవాడాండీ?"

"రాసేవాడండీ."

"పెళ్లి సంగతి ఎప్పుడైనా రాశాడాండీ?"

మార్తమ్మ కొడుకు వైపు చూడలేదు. "రాశాడండీ. నాకు చదువు రాదు. పెద్దోడే చదివి వినిపించాడు. పిల్ల పేరు రత్నమన్నాడు" అంది. యోబు తల దించుకున్నాడు.

అయినా అతని ప్లీడరు వదల్లేదు. బర్మా కిందటేడే ఇండియా నుంచి విడిపోయింది, అది పరాయి దేశం, అక్కడి చర్చి కాగితం ఇక్కడ చెల్లదన్నాడు. నాన్న గంటసేపు ఇంగ్లీషులో వాదించారు. బయటికి వచ్చాక రత్నమాణిక్యం, "ఏం చెప్పారండీ అంతసేపు?" అని అడిగింది.

"పెళ్లి ఎక్కడ జరిగితే అక్కడి చట్టానికి అది సరైతే, ఎక్కడికి వెళ్లినా సరైనదేనన్నానమ్మా. తర్వాత ఎవరో సరిహద్దు గీస్తే ఆలుమగలు కాకుండా పోరు కదా."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

తీర్పు ఆవిడ వైపే వచ్చింది. యోబు పొలం పంచి ఇచ్చాడు కానీ చాలా ఏళ్లు ఆవిడతో మాట్లాడలేదు. మార్తమ్మ మాత్రం మూట సర్దుకుని కోడలి దగ్గరికే వెళ్లిపోయింది.

నాన్న జడ్జీ కాలేదు. తాతగారికి చనిపోయేదాకా ఆ వెలితి ఉంది. తర్వాత యుద్ధం వచ్చి, జపాన్ సైన్యం బర్మా మీద పడితే రంగూన్ తెలుగువాళ్లు అడవుల వెంట నడిచి ఇళ్లు చేరారు. రత్నమాణిక్యం తన అన్నదమ్ముల్ని, వాళ్ల పిల్లల్ని వెంటబెట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. వాళ్ల దగ్గర ఏ కాగితమూ లేదు. నాన్న ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఎక్కడ పుట్టారు, ఎక్కడ పెళ్లయింది అని అడుగుతూ సర్కారు సాయం కోసం అర్జీలు రాశారు. అమ్మ లోపల అందరికీ అన్నం వార్చింది.