సుభద్రమ్మ బండికి వేసిన మెరిసే బోల్టులు

2003 వేసవి. కదిరిలో హిందూపురం రోడ్డు మీద నాకో రేకుల షెడ్డు ఉండేది. మోపెడ్లు, మోటారు సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి. వరుసగా వానలు లేని ఏళ్ళవి. బండి పూర్తిగా ఆగిపోతే తప్ప ఎవరూ తెచ్చేవారు కాదు. తెచ్చాక మాత్రం సాయంత్రానికే కావాలనేవారు. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా స్పానర్ పట్టుకుని ఉన్నాను. పని మీద విసుగు లేదు గానీ ఒళ్ళు అలిసిపోయింది.

ఒక పొద్దున ట్రాక్టర్ ట్రాలీలో ఆగిపోయిన క్వాడ్ బైక్ ఒకటి వచ్చింది. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిల్‌కు ఉండే హ్యాండిల్. దారి లేని చోట కూడా పోయే బండి. దాని వెంట చేతికర్ర ఊతంతో సుభద్రమ్మ దిగింది. యాభై దాటిన మనిషి. తుంటి ఎముక విరిగి అతుక్కున్నాక ఎక్కువ దూరం నడవలేదు. మూతబడిన ఏదో రిసార్టు దగ్గర బెంగుళూరులోని తమ్ముడు కొని పంపిన బండి అది.

ఆమెకు నాలుగు వందల చీని చెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఉన్నాయి. బోరు ఎండిపోయింది. పక్క ఊరి బోరు దగ్గర డ్రమ్ములు నింపుకుని, చిన్న ట్రైలర్ తగిలించుకుని, చెట్టు చెట్టుకూ తానే నీళ్ళు పోసేది. ఆ గుబురు చెట్ల సాళ్ళలో ట్రాక్టర్ పట్టదు.

"దీన్ని నడిపేది నేనే. నవ్వేటోళ్ళు నవ్వినారు, అయిపోయింది. ఎన్నాళ్ళు పడతాదప్పా మస్తాన్?" అంది.

"విప్పి చూస్తే గానీ చెప్పలేనమ్మా."

విప్పడానికే అయిదు రోజులు పట్టింది. డ్రమ్ముల్లోంచి చిందిన, కాస్త ఉప్పు తగిలే బోరునీళ్ళకు బోల్టులన్నీ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కొన్నిటిని వేడి చేసి తీశాను. కొన్నిటికి తలలు ఊడితే డ్రిల్లు పెట్టి తొలిచాను. ఆ సంగతి విని ఆమె తమ్ముడు స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్ట్ కిట్ పంపాడు. సైజుల వారీగా పొట్లాలు కట్టిన, అంత తొందరగా తుప్పు పట్టని బోల్టులు. అయిదు రోజులు తుప్పుతో పోరాడిన నా చేతులకు అవి ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను.

ఇంజన్ కవరు, మడ్‌గార్డులు, సీటు, అన్నిటికీ అవే వేశాను. అంతవరకూ తప్పు లేదు. ముందు చక్రాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. అక్కడి పాత బోల్టును తుప్పు తినేసింది, మళ్ళీ వేయడానికి పనికిరాదు. దాని తల మీద 10.9 అని అచ్చు ఉంది. అది హై టెన్సైల్, అంటే ఎక్కువ బరువును, కుదుపును తట్టుకునే ఉక్కు. కొత్తదాని మీద A2-70 అని ఉంది. అంత బలం దానికి లేదు. తుప్పు పట్టకపోవడం వేరు, బరువు మోయడం వేరు. అది నాకు తెలుసు.

సరైన బోల్టు కదిరిలో దొరకలేదు. బెంగుళూరు నుంచి రావాలంటే వారం. సుభద్రమ్మ రోజూ బస్సెక్కి వచ్చి షెడ్డు ముందు కూర్చునేది.

"నిన్న ఇంకో పన్నెండు చెట్లు ఆకు రాల్చినాయప్పా. కండ్ల ముందే ఎండిపోతాండాయి," అంది ఆ పొద్దున.

కిట్‌లో అదే కొలతకు ఒకటి మిగిలి ఉంది. వేసి బిగించాను. నెలలో మార్చేద్దాం అనుకున్నాను. ఆమెకు చెప్పలేదు.

బండి ఇచ్చిన మూడో వారంలో ఆమె పక్క తోట రైతు మోపెడ్ మీద వచ్చాడు. "అన్నా, సుభద్రమ్మ బండి గెనిమ మీద తిరగబడింది. ఆసుపత్రికి తీసకపోయినారు."

ముందు తోటకే వెళ్ళాను. గెనిమ, అంటే చేని గట్టు, పక్కన పడి ఉన్న బండికి ముందు చక్రం వాలిపోయి ఉంది. లోయర్ ఆర్మ్ బోల్టు రెండు ముక్కలైంది. విరిగిన చోట తప్ప ఇంకా మెరుస్తూనే ఉంది. జేబులో వేసుకున్నాను. చుట్టూ చేరినవాళ్ళు, "గెనిమ ఎత్తుగా ఉండాది, ఆడమనిషి చూసుకోల్యా," అంటున్నారు. నేను ఊరుకుంటే ఆ మాటే నిలిచిపోయేది.

ఆసుపత్రిలో ఆమె మెడ దగ్గర ఎముక విరిగితే కట్టు కట్టారు. రెండు పక్కటెముకలు కూడా విరిగాయి. నేను బోల్టు ముక్కలు మంచం మీద పెట్టాను.

"గెనిమ తప్పు కాదమ్మా. ఇది అక్కడ వేయదగింది కాదు."

ఆమె ఒక ముక్క తీసుకుని చూసింది. "నీకు ముందే తెల్సా?"

"తెల్సమ్మా."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

"చెట్లు ఎండిపోతాండాయని నువ్వే..."

"చెట్లు నావి. పడేది నేను. వారం ఆగాల్నా, ఎక్కి పోవాల్నా అనేది నేను కదప్పా తేల్చుకోవాల్సింది?" గొంతు పెంచలేదు. ఊపిరి తీస్తే నొప్పి, పెంచలేకపోయింది.



మర్నాడే బెంగుళూరు బస్సెక్కి ఆర్డరిచ్చి వచ్చి, వారానికి సరైన బోల్టులు తెచ్చుకున్నాను. బండి నిలబెట్టాక, నెల రోజుల పాటు షెడ్డు తెరిచే ముందు నేనే డ్రమ్ములు మోసి నీళ్ళు పోశాను. పొద్దున ఆ పని, పగలంతా షెడ్డు. ఒళ్ళు హూనమైంది. అయినా పై మడిలో నూటముప్పై చెట్లు ఎండిపోయాయి. ఆ మాట చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆమె, "మిగిలినవాటికి పోయి నీళ్ళు పొయ్యి," అని మాత్రం అంది.

ఆ మరుసటి ఏడాది సర్వీసుకు బండి మళ్ళీ నా దగ్గరికే తెచ్చింది. ఎందుకు తెచ్చిందో నేను అడగలేదు. స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుని, నేను విప్పిన ప్రతి బోల్టునూ, "ఇది యాడిది? ఏం మోస్తాది? ఇరిగితే ఏమైతాది?" అని అడిగింది. మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నాను. వెనక బ్రేకు దగ్గర ఒక బోల్టు తల అరిగిపోయి అచ్చు కనబడలేదు.

"దీని సంగతి నాకు తెలీదమ్మా," అన్నాను. ఇరవై మూడేళ్ళలో గిరాకీతో నేను ఆ మాట అనడం అదే మొదలు.

"సరే, తెల్సుకో. అంతవరకూ బండి ఈడే ఉండనీ," అని కర్ర తీసుకుని బస్టాండు వైపు నడిచింది.

ఉక్కు రకాలు నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తెలిసిన ప్రమాదాన్ని బండి ఎక్కే మనిషికి చెప్పాలని నేర్చుకోవడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. అందుకు చెల్లించింది మాత్రం నేను కాదు.