నిమ్మకాయ కోసే కత్తి

2022 జూన్. ఆషాఢం మొదలవడానికి ఇంకా నాలుగైదు రోజులున్నాయి. పత్తర్‌గట్టి నుంచి పక్కకు తిరిగే ఒక గల్లీలో మా కత్తుల దుకాణం. మా మామగారి కాలం నాటిది, ఆయన పోయాక గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. వంటింటి కత్తులు, కత్తిపీటలు, దర్జీల కత్తెరలు, మడత కత్తులు అమ్ముతాం. బటన్ నొక్కితే ఎగిరి బయటికొచ్చే చాకూలు మాత్రం అమ్మం, అడిగినవాడికి నా నోరే కాస్త పదునుగా తగులుతుంది. "మొగోళ్ళెవ్వరు లేరా?" అని అడిగే గిరాకీలు ఇప్పటికీ వస్తుంటారు. "నీకు కత్తి కావాల్నా, మొగోడు కావాల్నా?" అంటాను. చాలామంది నవ్వేసి కత్తి కొనుక్కుని పోతారు.

ఆ మధ్యాహ్నం కిష్టయ్య అనే పెద్దాయన వచ్చాడు. సంతోష్‌నగర్ వైపు ఒక అమ్మవారి గుడిలో తాతల నాటి నుంచి సేవ చేసే కుటుంబం వాళ్ళది. వెంట కొత్త పెళ్ళికూతురు ఉంది, పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. ఆయన కోడలు స్వప్న. స్టూలు వేస్తే కూర్చుంది గానీ తల ఎత్తలేదు.

"లాక్ ఉండే మడత కత్తి కావాలె బిడ్డా. నీ దగ్గర ఉన్నదాంట్ల అన్నిటికంటె మంచి స్టీల్‌ది చూపియ్. ధర ఫికర్ లేదు," అన్నాడు.

ఖరీదైనది ఇమ్మన్నవాడికి ఖరీదైనది ఇచ్చేస్తే దుకాణదారుకి హాయే. కానీ మా మామగారు నేర్పిన మొదటి ప్రశ్న వేరు. "దాంతోని ఏం కోస్తవ్ కాకా?" అని అడిగాను.

అరటి బోదెలు, పూలదండల దారాలు, దిష్టి గుమ్మడికాయలు. అన్నిటికన్నా ఎక్కువగా నిమ్మకాయలు. రోజంతా వంగి లేచే పని కాబట్టి నిలువు కత్తి బొడ్లో పెట్టుకుంటే గుచ్చుకుంటుంది, అందుకని మడత కత్తి. ఇప్పుడున్నదానికి లాక్ లేదు, బోదెలో గట్టిగా నొక్కినప్పుడు మూసుకుపోయి వేలు తెగిందని మచ్చ చూపించాడు.

అలాంటి పనికి పాతకాలపు బ్యాక్ లాక్ కత్తే మేలు. పిడి వీపున ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. కత్తి తెరవగానే అది గాడిలో పడి పట్టుకుంటుంది, దాన్ని నొక్కితే తప్ప కత్తి మడవదు. అలాంటివి రెండు తీసి బల్ల మీద పెట్టాను. రెండూ కొమ్ము పిడివి, రెండూ పౌడర్ స్టీల్‌వి. పౌడర్ స్టీల్ అంటే లోహాన్ని సన్నటి పొడి చేసి, వేడిలో ఒత్తి మళ్ళీ ముద్ద చేసి తీసిన ఉక్కు. పదును చాలాకాలం నిలుస్తుంది.

"వీట్ల ఏది గట్టిది?" అన్నాడు. చూపించాను. చటుక్కున దాన్నే తీసుకున్నాడు.

"ఆగు కాకా. ఇప్పుడున్న కత్తికి లాక్ లేదని కొత్తది కొంటున్నవా, ఇంకేమన్న ఉన్నదా? ఎన్నడూ లేనిది ఇంత ఖరీదు స్టీల్ ఎందుకు?"

ఆయన కోడలి వైపు చూశాడు. ఆ పిల్లే చెప్పింది.

"నేను ఈ ఇంటికొచ్చిన కాడికెంచి మామ కోసిన నిమ్మకాయలు నల్లగైతున్నయక్కా. గుడికొచ్చేటోళ్ళు గూడ అంటున్నరు. నా పాదం మంచిది కాదట. అత్త నన్ను గుళ్ళె అడుగు పెట్టనిస్తలేదు. ఆషాఢానికి మా అమ్మగారింటికి పోవాలె గద, పోయినదానివి మళ్ళ రానే రాకు అన్నది. మంచి కత్తైతె నలుపు ఆగుతదేమోనని మామ ఆశ."

నా ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన పిల్లని నిమ్మకాయ చూసి తూకం వేస్తారా? కానీ కోపంతో నిమ్మకాయ తెల్లబడదు కదా. పాత కత్తి చూపించమన్నాను.

కిష్టయ్య బొడ్లోంచి తీసిచ్చాడు. మంచి పనితనం, కానీ కోసే అలుగు అంతా మబ్బు రంగులో ఉంది. చూడగానే తెలిసింది, అది కార్బన్ స్టీల్. పదును బ్రహ్మాండంగా ఎక్కుతుంది, పులుపు మాత్రం పడదు. తడి తగిలితే తుప్పు, పులుపు తగిలితే నలుపు.

"ఇది ఎప్పటికెంచి వాడుతున్నవ్?"

"పెండ్లప్పుడు మా వియ్యంకుడు ఇచ్చిండు. లోహే కా కామ్, ఇనుప పని చేస్తడు, సొంతంగ చేసి తెచ్చిండు. అంతకుముందు మామూలు స్టెయిన్‌లెస్‌ది ఉండె."

"కోసినంక తుడుస్తవా?"

"రామ రామ! అమ్మవారి నిమ్మకాయ కోసిన కత్తి గుడ్డకు తుడుస్తరా? మా ఇండ్లల్ల ఆ ఆచారం లేదు. దానంతట అదే ఆరాలె."

పక్కనే ఖలీల్ భాయ్ సోడా బండి. నిమ్మకాయలు అడిగాను. "ఖాలీ నింబూ? సోడా నక్కో?" అని, సోడా వద్దా అన్నట్టు వింతగా చూస్తూ ఇచ్చాడు. ఒకటి పాత కత్తితో కోసి, రసం అలాగే వదిలేశాను. చాయ్ తాగాక అదే కత్తితో ఇంకొకటి కోశాను. తెల్లటి అంచు వెంట నల్లటి గీత పడింది. రెండు కొత్త కత్తుల్లో, మచ్చ పడనివ్వని క్రోమియం ఎక్కువ కలిసినదానితో మరొకటి కోశాను, అది శుభ్రంగా ఉంది. కిష్టయ్య చటుక్కున తీసుకున్న గట్టి కత్తిలో క్రోమియం తక్కువ. పౌడర్ స్టీల్ అన్నంత మాత్రాన అన్నీ మచ్చ పడనివి కావు. అంత ధర పోసి అది కొనుక్కుపోయి ఉంటే, అది కూడా కొన్నాళ్ళకు ఈ నలుపే చూపించేది. అప్పుడు ఆ పిల్లని ఎవరూ కాపాడలేరు.

ఆయన రెండు నిమ్మ చెక్కలు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "అయ్యో బిడ్డా, ఎంత మాట పడ్డవే," అన్నాడు కోడలితో. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకేంది, పోయి మీ ఇంటామెకు ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను.

"చెప్తె మా వియ్యంకుని మీద పడతది. ఏందో మంత్రం చేయించిన కత్తి ఇచ్చిండు అంటది. నీకు మా ఇంటిదాని సంగతి తెల్వదు."

"అయితే సప్పుడు చేయకుండ కత్తి మార్చు."

అప్పుడు స్వప్న మొదటిసారి తల ఎత్తింది. "ఎల్లుండి నేను పోతున్ననక్కా. నేను పోయినంక నిమ్మకాయలు తెల్లగైతె ఏమైతది? దరిద్రం నాతోని పోయిందంటరు."

కత్తుల గురించి అంత చెప్పిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. చివరికి కిష్టయ్య క్రోమియం ఉన్న కత్తి తీసుకుని, పాతది కూడా బొడ్లో దోపుకుని, "అమ్మవారే చూస్కోవాలె," అంటూ లేచాడు. వాళ్ళు పోయాక కూడా నాకు మనసు మనసులో లేదు.

ఆషాఢం సగంలో, బోనాల లొల్లి మధ్య, ఆయన ఒక్కడే వచ్చాడు. పాత కత్తికి సాన పెట్టమన్నాడు.

"ఇదింక ఎందుకు కాకా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గుళ్ళె నిమ్మకాయలు కొత్త కత్తితోనే కోస్తున్న. నువ్వు చెప్పినంక, కోడలు పోకముందే గుళ్ళె, ఇంట్ల గూడ షురూ చేసిన. అందరు చూసిండ్రు, తెల్లగున్నయన్నరు. ఇంట్ల గడప మీద పెట్టే నిమ్మకాయలు మాత్రం దీంతోని కోస్తున్న. కోడలు పోయిన కాడికెంచి."

నాకు అర్థమయ్యేసరికి నవ్వు ఆగలేదు. కోడలు ఇంట్లో లేదు. అత్త కళ్ళముందు గడప నిమ్మకాయ నల్లబడుతోంది. "మరి మీ ఇంటామె ఏమంటున్నది?"

"పరేషాన్ల ఉన్నది. దిష్టి తీసింది, అమ్మవారికి కల్లు సాక పోసింది, ఏం చేసినా నల్లగనే. నిన్న అంటది, గా పిల్ల ఉన్నప్పుడే ఆఖరి రెండు దినాలు తెల్లగుండె గదా అని."

ఆ సాన నేను డబ్బులు తీసుకోకుండా, దగ్గరుండి పెట్టించాను.

శ్రావణం మొదట్లో అత్తాకోడళ్ళు ఇద్దరూ వచ్చారు, కత్తెర కొనడానికి. అత్త పేరు అనసూయమ్మ. నేను అడగకుండానే మొదలుపెట్టింది.

"నేనే పోయి తోల్కొచ్చుకున్ననమ్మా. మా కోడలు లేకుంటె మా గడప మీద నిమ్మకాయ నిలుస్తలేదు. అమ్మవారికే మా కోడలు కావాలె, ఇంక మనమెంత?" అని ఆ పిల్ల జడలో పూలు సరిచేసింది. తర్వాత సంచిలోంచి మబ్బు రంగు కత్తి తీసింది. "ఇది మా వియ్యంకుడు ఇచ్చింది. కొత్తది ఉన్నది గదా, దీన్ని ఇనుప సామానోనికి ఏసేద్దునా?"

స్వప్న నా వైపు చూసింది. అసలు సంగతి నా నాలుక చివరి దాకా వచ్చింది. కత్తి గురించి నిజం చెప్పడమే నా వ్యాపారం మరి.

"ఏసెయ్యకమ్మా," అన్నాను. "మస్తు కత్తి. దాచిపెట్టుండ్రి. ఎప్పటికన్న పనికొస్తది."

స్వప్న పమిట నోటికి అడ్డం పెట్టుకుని కత్తెరలు చూస్తున్నట్టు అటు తిరిగింది.

ఈ సంగతి తర్వాత, ఎవరు ఎంత మంచి స్టీల్ అడిగినా ఏం కోస్తారని అడిగి ఊరుకోవడం లేదు, కోసినదాన్ని ఎవరు చూస్తారని కూడా అడుగుతున్నాను. ఒక్కటి మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. నిమ్మకాయ నల్లబడిందని ఆ పిల్లని వెళ్ళగొట్టారు, నిమ్మకాయ నల్లబడిందని మళ్ళీ తెచ్చుకున్నారు. ఆ పిల్ల ఎలాంటిదో ఆ ఇంట్లో ఇంకా ఎవరూ చూడలేదు.