జేబుల ఫ్యూజు

మా అమీర్‌పేట ఇంటికొచ్చే ఎలక్ట్రీషియన్ అన్న, పని మొదలుపెట్టే ముందు ఫ్యూజు పీకి చొక్కా జేబుల వేసుకునేటోడు. వరండా లైటుకు గోడల టైమర్ స్విచ్ బిగించే రోజు వైరు తక్కువ పడింది. దుకాణానికి పోతూ ఫ్యూజు సుత పట్టుకపోయిండు. గంటసేపు ఉక్కపోతల కూసున్నం. వచ్చినంక నేను కోప్పడితే జేబు తట్టుకుంట నవ్విండు. "ఇంట్ల పెట్టిపోతే మీరు ఊకుంటరా అక్కా?"

పోయిన నెల పంజాగుట్టల కొత్త ఫ్లాట్‌ల పనికి పోయిండు. అక్కడ పీకే ఫ్యూజు లేదు, గోడకు మెయిన్ స్విచ్చే ఉన్నది. అన్న దాన్ని కిందికి దించి, కరెంటు బందు చేసి వైరు పట్టుకున్నడు. ఫ్యాను తిరుగుతలేదని ఇంట్లవాళ్లెవరో ఆ స్విచ్చును మళ్ల మీదికి లేపిన్రు. అక్కడికక్కడే పానం పోయింది.

రోజూ ఆరున్నరకు మా వరండా లైటు దానంతటదే వెలుగుతది. ఆ గంట ఉక్కపోతకు నేను కోప్పడ్డదే యాదికొస్తది.